రెండు గ్రాముల బరువు

మొదటిసారి టర్న్‌టేబుల్ కొనాలనుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. బెల్టుతో తిరిగేది మంచిదా, మోటారు నేరుగా తిప్పేది మంచిదా? బ్లూటూత్ ఉందా? స్పీకర్లు అందులోనే వస్తాయా? చెక్క పెట్టెది తీసుకోవాలా? ఇవేవీ అడగకూడని ప్రశ్నలు కావు. కాకపోతే వీటికన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి. ముల్లు రికార్డు మీద ఎంత బరువుతో ఆనుతోంది, అది తగిన బరువేనా, కాకపోతే సరిచేసుకునే వీలుందా అన్నది మొదటిది. ముల్లు అరిగిపోయాక దాన్ని ఒక్కదాన్నే మార్చుకోవచ్చా అన్నది రెండోది. ఈ రెండింటికీ సరైన జవాబు దొరికిన యంత్రం మిగతా విషయాల్లో సాదాసీదాగా ఉన్నా ఇంటికి తెచ్చుకోదగ్గదే. దొరకని యంత్రానికి ఎన్ని హంగులున్నా దాన్ని అక్కడే వదిలేయడం మేలు. ఈ మాట అభిరుచిని బట్టి చెబుతున్నది కాదు. గాడిలో ఏముంది, ముల్లు దాన్ని ఎలా చదువుతుంది అన్న లెక్కలు చూస్తే ఎవరైనా ఇక్కడికే చేరుకుంటారు.

1948 జూన్‌లో అమెరికాలో కొలంబియా సంస్థ ఎల్పీని విడుదల చేసింది. అప్పటిదాకా నిమిషానికి 78 చుట్లు తిరుగుతూ మూడు నాలుగు నిమిషాలకే అయిపోయే లక్క రికార్డు స్థానంలోకి వినైల్ ప్లాస్టిక్ రికార్డు వచ్చింది. దాని వేగం నిమిషానికి 33⅓ చుట్లు. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా సంగీతం పట్టింది. గాడిని బాగా సన్నగా కోయడం వల్లే అది సాధ్యమైంది. 22 నిమిషాల పాటు సాగే వైపును తీసుకుంటే ముల్లు కింద రికార్డు 733 చుట్లు తిరుగుతుంది. చుట్ల సగటు వ్యాసార్ధం పది సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. అంటే ఆ గాడిని తిన్నగా చాపితే దాదాపు 475 మీటర్లు వస్తుంది. వెడల్పు మాత్రం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, తలవెంట్రుక మందానికి అటూ ఇటూగా. గాడికి రెండు గోడలుంటాయి. అవి ఒకదానికొకటి లంబంగా, రికార్డు ఉపరితలానికి 45 డిగ్రీల వాలులో ఉంటాయి. లోపలి గోడ మీద ఎడమ స్పీకరుకు వెళ్లాల్సిన ధ్వని, బయటి గోడ మీద కుడి స్పీకరుకు వెళ్లాల్సిన ధ్వని. ఇలా ఒకే గాడిలో రెండు ధ్వనులను ఇమడ్చవచ్చని లండన్‌లో ఈఎమ్‌ఐ ఇంజినీరు అలన్ బ్లూమ్‌లైన్ 1931లోనే పేటెంటు దరఖాస్తులో రాశాడు. ఆ ఊహ దుకాణాల్లోకి ఎల్పీగా వచ్చేసరికి 1958 అయింది.

ఈ గోడల మీది వంకరలు ఎంత చిన్నవో తెలిస్తే తప్ప టర్న్‌టేబుల్ చేసే పని ఏమిటో అర్థం కాదు. సెకనుకు పదివేల కంపనాల స్వరం ఒకటి గట్టిగా మోగుతోందనుకుందాం. తాళాల మోతలో, 'స', 'ష' వంటి అక్షరాల ఊదులో ఇలాంటివి చాలా ఉంటాయి. ముల్లు పక్కలకు ఊగే గరిష్ఠ వేగం సెకనుకు పది సెంటీమీటర్లు అనుకుంటే, అది మధ్య నుంచి ఒక పక్కకు జరిగే దూరం 1.6 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఆరువందలో వంతు. అదే స్వరం 60 డెసిబెల్స్ తగ్గిందనుకోండి, ఊపు వెయ్యో వంతుకు పడిపోతుంది. అప్పుడది ఒకటిన్నర నానోమీటర్లు. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యాలన్నీ 400 నానోమీటర్లకు అటుపక్కనే ఉంటాయి. కాంతితో చూసే మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందని కదలికను ఇంట్లో బల్ల మీద ఉన్న ముల్లు పట్టుకుని, కొన్ని మిల్లీవోల్టుల విద్యుత్తుగా మార్చి పంపిస్తుంది. ఇంతకన్నా అద్భుతమైన కొలత పరికరం మామూలు ఇళ్లలో మరొకటి కనిపించదు. టర్న్‌టేబుల్‌ను సంగీత పరికరమని కాక కొలత పరికరమని అనుకుంటే దాని మంచిచెడ్డలు తేలిగ్గా తెలుస్తాయి. గాడి వల్ల కదిలిన కదలిక మాత్రమే సంగీతం. మోటారు వణుకు, పెట్టె అదురు, ముల్లును మోసే చేతి (టోన్‌ఆర్మ్) ఊగిసలాట, స్పీకరు మోత, ఇవన్నీ కొలతలో చొరబడే పొరపాట్లు.

ఇక బరువు సంగతి. పదివేల కంపనాల ఆ స్వరం దగ్గర ముల్లుకు కలిగే త్వరణం సెకనుకు సెకనుకు దాదాపు 6,300 మీటర్లు, గురుత్వ త్వరణానికి 640 రెట్లు. ముల్లు మొన, అది అతుక్కున్న సన్నటి కడ్డీ కలిసి అటూ ఇటూ ఊగే ద్రవ్యరాశి మంచి కార్ట్రిడ్జ్‌లో (ముల్లును పట్టి ఉంచి, దాని కదలికను విద్యుత్తుగా మార్చే భాగం) అర మిల్లీగ్రాము దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని అంత త్వరణంతో ఊపాలంటే గాడి గోడ చూపాల్సిన బలం గ్రాములో మూడో వంతు బరువుకు సమానం. పై నుంచి రెండు గ్రాములు నొక్కుతూ ఉంటే ముల్లు గోడను వదలకుండా పోతుంది, ఇంకా కొంత మిగులు కూడా ఉంటుంది. అదే మొన ద్రవ్యరాశి ఆరు రెట్లుంటే ఆ ఒక్క స్వరానికే రెండు గ్రాములు ఖర్చయిపోతాయి. అప్పుడు నాలుగైదు గ్రాములు పెడితే గానీ ముల్లు గాడిలో నిలవదు. చవక కార్ట్రిడ్జ్‌లు బరువుగా ఆనడానికి అసలు కారణం ఇదే. వాటి కదిలే భాగం బండగా ఉంటుంది కాబట్టి దాన్ని గాడిలో పట్టి ఉంచడానికి బరువు వేయక తప్పదు.

రెండు గ్రాములంటే ఏముంది అనిపించవచ్చు. కానీ మొన గోడను తాకే చోటు వైశాల్యం కొన్ని పదుల చదరపు మైక్రాన్లు. అంత చిన్న చోట ఆ బరువు పడితే పీడనం వాతావరణ పీడనానికి వేల రెట్లవుతుంది. వినైల్ ఆ క్షణంలో కాస్త లొంగి, ముల్లు దాటగానే తిరిగి లేస్తుంది. మెత్తటి ప్లాస్టిక్ మీద వజ్రం నడిచినా రికార్డు బతికి ఉండటానికి ఈ సాగే గుణమే కారణం. ఆ గుణానికి హద్దుంది. బరువు పెరిగేకొద్దీ, మొన అరిగి అంచు పదునెక్కేకొద్దీ లొంగిన చోటు పూర్తిగా లేవదు. ముందుగా చెరిగిపోయేవి అతి సన్నని వంకరలు, అంటే పై స్వరాలు.

అలాగైతే బరువు ఎంత తగ్గిస్తే అంత మంచిదన్న మాట కూడా చాలామంది నోట వినిపిస్తుంది. అది తప్పు, పైగా ప్రమాదకరమైన తప్పు. బరువు చాలకపోతే గట్టి స్వరాల దగ్గర ముల్లు గోడను వదిలేసి ఎగిరి మళ్లీ పడుతుంది. పడిన ప్రతిసారీ గోడకు దెబ్బే. గొంతు పైస్థాయికి వెళ్లినప్పుడు బరబరమని చీలినట్టు వినిపిస్తే చాలాసార్లు కారణం ఇదే, అది గాడిలో శాశ్వతంగా మిగిలిపోతుంది కూడా. కాబట్టి తయారీదారు చెప్పిన పరిధిలో మధ్యకో, కాస్త పైకో పెట్టుకోవాలి. ఉదాహరణకు ఆడియో-టెక్నికా వీఎమ్95ఈ కార్ట్రిడ్జ్‌కు 1.8 నుంచి 2.2 గ్రాముల దాకా చెప్పారు, రెండు పెడితే సరిపోతుంది. ఆర్టోఫోన్ 2ఎమ్ రెడ్‌కు 1.8 గ్రాములు. టోన్‌ఆర్మ్ వెనక తిప్పుకునే బరువు బిళ్ల ఉండేది ఇందుకే. దాని మీది అంకెల్ని పూర్తిగా నమ్మనక్కర్లేదు. గ్రాములో వందో వంతు చూపే చిన్న డిజిటల్ త్రాసు చవకగా దొరుకుతుంది, దాని మీద ముల్లును ఆనించి చూసుకుంటే అనుమానం తీరిపోతుంది.

ఇప్పుడు బజారులో విరివిగా అమ్ముడుపోయే సూట్‌కేసు ప్లేయర్ల దగ్గరికి వద్దాం. రంగురంగుల పెట్టె, లోపలే స్పీకర్లు, ధర తక్కువ. అందులో సాధారణంగా ఉండేది సెరామిక్ కార్ట్రిడ్జ్. దానికి విడిగా ఫోనో ప్రీయాంప్ (ముల్లు నుంచి వచ్చే విద్యుత్తును పెంచి సరిచేసే భాగం) అక్కర్లేదు కాబట్టి పెట్టె చవకవుతుంది. కానీ చేతికి బరువు బిళ్ల ఉండదు, ముల్లు ఐదు గ్రాములో ఇంకా ఎక్కువో ఆనుతుంది, తగ్గించే దారి లేదు. రికార్డును మోసే పళ్లెం ఎల్పీ కన్నా చిన్నది, రికార్డు అంచులు గాలిలో ఊగుతుంటాయి. స్పీకర్లు అదే పెట్టెలో అదురుతూ ఉంటే ఆ అదురు ముల్లు దగ్గరికే తిరిగి వస్తుంది. ఇవన్నీ చెప్పాక ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. 1960, 70ల్లో మన ఇళ్లలో ఉన్నవి ఇలాంటి ప్లేయర్లే కదా, హెచ్‌ఎంవీ ఫియెస్టా లాంటి పెట్టెల మీద ఏళ్ల తరబడి పాటలు విన్నారు, ఆ రికార్డులు ఇవాళ్టికీ మోగుతున్నాయి కదా అని. ఈ మాటలో నిజముంది. ఒక్కసారి బరువైన ముల్లు కింద తిరిగినంత మాత్రాన రికార్డు పాడైపోదు, అలా భయపెట్టేవాళ్లు అతిశయోక్తి చెబుతున్నట్టే. అయితే ఆ రికార్డుల్ని ఇవాళ మంచి ముల్లుతో వింటే, ఇంట్లో పదేపదే వేసిన పాట దగ్గర పైస్వరాలు మొద్దుబారి, 'స'కారాలు ఉమ్మినట్టుగా వినిపిస్తాయి. ఎవరూ ముట్టని పాట పక్కనే స్వచ్ఛంగా ఉంటుంది. ఒకే రికార్డు మీద పక్కపక్కనే కనిపించే ఈ తేడా కన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు. మోగడం వేరు, ఉన్నదంతా మోగడం వేరు. ఆనాటి శ్రోతలకు మరో దారి లేదు, మనకుంది.

లక్క రికార్డుల ఉదాహరణ కూడా ఇక్కడ పనికిరాదు. 78ల కాలంలో గ్రామఫోన్ శబ్దపెట్టె, ఉక్కు ముల్లు కలిసి వంద గ్రాములకు పైగా ఆనేవి. రికార్డులో లక్కతో పాటు రాతిపొడి కలిపేవారు, అది ముల్లునే అరగదీసి గాడి ఆకారానికి తెచ్చుకునేది. ముల్లును ప్రతి వైపుకూ మార్చేయడం రివాజు. అంటే అక్కడ అరిగేది ముల్లు, నిలిచేది రికార్డు. వినైల్‌లో వ్యవహారం తలకిందులు. పాత నాటక పద్యాల ప్లేట్లో, తొలినాటి సినిమా పాటల ప్లేట్లో ఇంట్లో ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. మన దేశంలో 78లు 1960ల్లో కూడా వచ్చాయి, బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ ఆ రూపంలో అచ్చయ్యాయి. కాబట్టి పాతపెట్టె తెరిస్తే అవి కనిపించే అవకాశం ఎక్కువ. ఇప్పటి టర్న్‌టేబుళ్లలో చాలావాటికి 33, 45 వేగాలే ఉంటాయి. 78 వేగం ఉన్నదే తీసుకున్నా ఎల్పీ ముల్లు ఆ వెడల్పాటి గాడి అడుగున పడి దుమ్మూ గీతలే చదువుతుంది. దాని మొన వ్యాసార్ధం 18 మైక్రాన్లయితే 78కి కావాల్సింది 75 మైక్రాన్ల దరిదాపు. అందుకే 78లు వినాలనుకునేవారికి ముల్లు మార్చుకునే వీలు ఒక సౌకర్యం కాదు, తప్పనిసరి. ఎల్పీ మీద 78 ముల్లు పెట్టడం మాత్రం ఎన్నడూ చేయకూడదు.

బరువు తర్వాత ముల్లు ఆకారం. ఎల్పీ వేగం నిమిషానికి 33⅓ చుట్లని స్థిరంగా ఉన్నా, ముల్లు కింద గాడి జారే వేగం స్థిరం కాదు. బయటి అంచు దగ్గర సెకనుకు 51 సెంటీమీటర్లు, లోపల లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 21. పదివేల కంపనాల స్వరానికి బయట 51 మైక్రాన్ల చోటు దొరికితే లోపల 21 మైక్రాన్లలో ఇరుక్కోవాలి. గుండ్రటి మొన వంపు వ్యాసార్ధం 15 నుంచి 18 మైక్రాన్లు కాబట్టి ఆ సన్నటి వంకర అడుగుదాకా అది దిగలేదు. అండాకారపు మొన పక్క వ్యాసార్ధం 8 మైక్రాన్లు ఉంటుంది, అది చాలావరకు దిగుతుంది. వైపు చివర వచ్చే పాట బొంగురుపోయినట్టు ఉంటే తప్పు గాయకులది కాదు, మొన ఆకారానిది, లేదా కార్ట్రిడ్జ్ వంకరగా బిగించడం వల్ల వచ్చినది. 1970ల మొదట్లో జపాన్‌లో జేవీసీకి చెందిన నోరియో షిబాటా నాలుగు స్పీకర్ల రికార్డుల కోసం ఇంకా సన్నని మొన రూపొందించాడు, దాన్ని ఇప్పటికీ షిబాటా ముల్లు అనే పిలుస్తారు. మొదటి టర్న్‌టేబుల్‌కు అంత అక్కర్లేదు. అండాకారపు మొన చాలు.

చేతి కోణం గురించి కూడా ఇంతే. రికార్డు కోసే యంత్రంలో కత్తి తిన్నగా వ్యాసార్ధం వెంట జరుగుతుంది. మన టోన్‌ఆర్మ్ ఒక చోట బిగించి ఉండి చాపంలో తిరుగుతుంది. ఈ రెండూ అన్నిచోట్లా కలవవు. స్వీడన్‌కు చెందిన ఎరిక్ లోఫ్‌గ్రెన్ 1938లో ఈ లెక్క తేల్చాడు. చేతిని కాస్త పొడిగించి, తలను కాస్త వంచితే రెండు చోట్ల పొరపాటు సున్నా అవుతుంది, మిగతా చోట్ల రెండు డిగ్రీలకు మించదు. కార్ట్రిడ్జ్‌ను రెండు స్క్రూలతో ముందుకూ వెనక్కూ జరుపుకుని, కాగితం మీద గీసిన కొలత ప్రకారం బిగించుకునే వీలుంటే ఈ ఫలితం ఇంట్లోనే అందుతుంది. అరగంట పని, ఓపిక ఉంటే చాలు.

చేతికీ కార్ట్రిడ్జ్‌కీ జోడీ కుదరడం ఇంకో విషయం, ఇది తెలిస్తే ఖరీదైన పొరపాటు తప్పుతుంది. కార్ట్రిడ్జ్‌లోని కడ్డీని పట్టి ఉంచే రబ్బరు ఒక స్ప్రింగులా పనిచేస్తుంది, దాని మీద చేయి బరువు ఆని ఉంటుంది. స్ప్రింగుకు బరువు వేలాడదీస్తే ఒక పౌనఃపున్యం దగ్గర ఊగినట్టే ఇదీ ఊగుతుంది. చేతి ప్రభావ ద్రవ్యరాశి 12 గ్రాములు, కార్ట్రిడ్జ్, స్క్రూలు కలిపి 6 గ్రాములు, రబ్బరు మెత్తదనం మిల్లీన్యూటనుకు 15 మైక్రాన్లు అనుకుంటే ఆ అనునాదం 9.7 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఇది సరైన చోటు. రికార్డు వంగి ఉండటం వల్ల వచ్చే కదలికలు సెకనుకు అర నుంచి నాలుగైదు సార్లు ఉంటాయి, సంగీతం 20 దగ్గర మొదలవుతుంది. మధ్యలో ఖాళీగా ఉన్న చోట అనునాదం పడింది కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. అదే బరువైన చేతికి అతి మెత్తటి కార్ట్రిడ్జ్ తగిలిస్తే, 30 గ్రాములకు 30 మైక్రాన్లు అనుకుందాం, అనునాదం 5.3కి దిగుతుంది. అప్పుడు రికార్డు కాస్త వంగి ఉన్నా చాలు, స్పీకరు కోను చప్పుడు లేకుండా ముందుకూ వెనక్కూ కొట్టుకుంటుంది. అందుకని మొదటిసారి కొనేవారు కంపెనీ తానే బిగించి ఇచ్చిన జోడీతో మొదలుపెట్టడం తెలివైన పని. అలాంటి జోడీలో లెక్క ముందే కుదిరి ఉంటుంది.

ఇంత దూరం వచ్చాక, అందరూ మొదట అడిగే బెల్టు ప్రశ్నకు చోటు దొరికింది. 1961లో అమెరికాలో ఎడ్గర్ విల్చర్ మోటారును బెల్టుతో దూరం పెట్టి, పళ్లెమూ చేయీ రెండింటినీ స్ప్రింగుల మీద వేలాడే చట్రంలో ఉంచాడు. మోటారు వణుకు, నేల అదురు ముల్లును చేరకుండా ఆపే మంచి ఉపాయమది. 1970లో జపాన్‌లో మత్సుషితా సంస్థ టెక్నిక్స్ ఎస్పీ-10తో మోటారు ఇరుసు మీదే పళ్లెం పెట్టింది, 1972లో ఎస్ఎల్-1200 వచ్చింది. అప్పటి నుంచి రెండు శిబిరాల వాదన ఆగలేదు. కానీ రికార్డు మధ్య రంధ్రం అర మిల్లీమీటరు పక్కకు పడితే ఏమవుతుందో చూడండి. పది సెంటీమీటర్ల వ్యాసార్ధం దగ్గర స్వరం ప్రతి 1.8 సెకన్లకోసారి అరశాతం పైకీ కిందికీ ఊగుతుంది. లోపలి గాడుల దగ్గర ఇంకా ఎక్కువ. సరిగ్గా తయారైన బెల్టు యంత్రాల్లో వేగపు ఊగిసలాట 0.1, 0.2 శాతం దగ్గర ఉంటుంది, 1979 నాటి ఎస్ఎల్-1200 రెండో రూపానికి 0.025 శాతమే. అంటే రికార్డే తెచ్చే పొరపాటు ముందు ఈ రెండు పద్ధతుల మధ్య తేడా చిన్నది. శ్రుతి మీద చెవి పెట్టి వినే కర్ణాటక సంగీత శ్రోతకు తంబూర నాదంలో, నిలిపి పాడిన స్వరంలో ఈ ఊగిసలాట తొందరగా దొరికిపోతుంది, నిజమే. అయినా బెల్టా కాదా అన్నది వేగం గురించిన ప్రశ్నకు జవాబు కాదు. వేగం చక్కగా ఉన్న ఏ పద్ధతైనా చక్కనిదే. స్ప్రింగుల చట్రం కూడా అప్పటి చెక్క నేలల ఇళ్లకు ఎక్కువ అవసరమైనది. కాంక్రీటు స్లాబు మీద బండలు పరిచిన మన ఇళ్లలో గట్టి బల్ల చాలు. అమెరికాలో చెక్క నేల ఇంట్లో ఉండే తెలుగువాళ్లు మాత్రం గోడకు బిగించిన అర మీద పెట్టుకుంటే అడుగుల చప్పుడుకు ముల్లు ఎగరదు.

అమెరికా మాట వచ్చింది కాబట్టి, అక్కడి బంధువులు పాత టర్న్‌టేబుల్ తెచ్చి ఇస్తామంటే తెలుసుకోవాల్సిన ముఖ్యమైన విషయం ఒకటుంది. పాత యంత్రాల్లో చాలావాటి మోటారు కరెంటు పౌనఃపున్యాన్ని పట్టుకుని తిరుగుతుంది. అక్కడ అది 60 హెర్ట్జ్, ఇక్కడ 50. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే 230 వోల్టులు 120 అవుతాయి గానీ 50 మారదు. యంత్రం ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, 22 నిమిషాల వైపు 26 నిమిషాలు దాటుతుంది, పాట శ్రుతి పన్నెండు స్వరస్థానాల లెక్కలో మూడు మెట్లకు పైగా పడిపోతుంది. 50 హెర్ట్జ్‌కు తగిన పుల్లీ దొరికితే సరే, లేకపోతే ఆ బహుమతి షోకేసులో పెట్టుకోవడానికే. అడాప్టరుతో పనిచేసే ఇప్పటి యంత్రాలకు ఈ బాధ లేదు.

ముల్లు నుంచి వచ్చే నాలుగైదు మిల్లీవోల్టులు నేరుగా యాంప్లిఫయరుకు చాలవు. అదీగాక రికార్డు కోసేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించి, తార స్వరాలను పెంచి కోస్తారు. అలా చేయకపోతే మంద్ర స్వరాల ఊపుకు గాడులు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. 1954లో స్థిరపడిన ఆర్ఐఏఏ లెక్క ప్రకారం 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ కోత, 20 వేల దగ్గర అంతే పెంపు. దీన్ని తిరగేసే పని ఫోనో ప్రీయాంప్‌ది. పాత యాంప్లిఫయర్ల వెనక 'ఫోనో' అని రాసి ఉంటే అది లోపలే ఉన్నట్టు. కొత్తవాటిలో చాలావాటికి ఉండదు, టర్న్‌టేబుల్‌లో ఉందో లేదో చూసుకోవాలి. రెండు చోట్లా ఉంటే ఒకదాన్ని ఆపేయాలి. సన్నటి ఎర్త్ తీగ బిగించడం మర్చిపోతే గుయ్‌మని మోత వస్తుంది. బ్లూటూత్ ఉన్నంత మాత్రాన నష్టం లేదు, కానీ అది ముల్లుకు ఏమీ చేయదు కాబట్టి దానికోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

డబ్బు ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఒక పాత వాదం ఉంది. స్కాట్లండ్‌లో లిన్ సంస్థ 1970ల నుంచి ధ్వని మొదలయ్యే చోటే ప్రధానమని, టర్న్‌టేబుల్ పోగొట్టింది తర్వాత ఏ యాంప్లిఫయరూ తిరిగి తేలేదని చెబుతూ వచ్చింది. ఆ తర్కం కాదనలేనిది. కానీ దాన్నుంచి టర్న్‌టేబుల్‌కే సింహభాగం ఖర్చు చేయాలన్న ముగింపు రాదు. స్పీకర్లు, అవి ఉన్న గది, ఈ రెండూ వినిపించే తేడాలో పెద్ద వాటా తీసుకుంటాయి, మధ్యస్థమైన టర్న్‌టేబుల్ నుంచి ఖరీదైనదానికి వెళ్తే వచ్చే తేడా అంత ఉండదు. అయితే స్పీకరు నాసిరకమైతే రేపు మార్చుకోవచ్చు, అది రికార్డును ముట్టదు. ముల్లు నాసిరకమైతే నష్టం గాడిలో మిగిలిపోతుంది. అందుకే రికార్డును కాపాడేంత టర్న్‌టేబుల్ ముందు, మిగిలినదంతా స్పీకర్లకు. ఈ వరుసలో కొన్నవాళ్లు నష్టపోరు.

ఇన్ని తంటాలెందుకు, ఫోనులో అన్ని పాటలూ ఉన్నాయి కదా అనే మాటకు సూటిగానే జవాబివ్వాలి. కొలతల్లో డిజిటల్‌దే పైచేయి. సీడీకి సిద్ధాంతరీత్యా 96 డెసిబెల్స్ విస్తృతి ఉంటే, ఎల్పీకి 60 నుంచి 70 దాటడం కష్టం. డిజిటల్‌లో చిటపటలు ఉండవు, వేగం ఊగదు. వినైల్ ధ్వనిలో డిజిటల్‌కు అందని ఏదో ఉందని చెప్పే మాటలకు ఆధారం లేదు. టర్న్‌టేబుల్ కొనడానికి సరైన కారణం రికార్డులే. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయి తెలుగు ఇళ్లకు చేరిన హెచ్‌ఎంవీ రికార్డులు, ఘంటసాల భగవద్గీత, ఎం.ఎస్. సుబ్బులక్ష్మి తిరుమల తిరుపతి దేవస్థానం కోసం పాడిన ఐదు ఎల్పీల బాలాజీ పంచరత్నమాల, 'శంకరాభరణం' పాటలు, ఇవి అలమరల్లో ఇంకా ఉన్నాయి. వీటిలో కొన్ని ఫోనులో దొరుకుతాయి, పేరు తెలియని హరికథలో, ఊరి పేరున్న చిన్న రికార్డో దొరక్కపోవచ్చు. అలాంటిదాన్ని యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం మంచి పని. అందుకోసం వేసే ఆ ఒక్కసారైనా తగిన బరువుతో, అరగని ముల్లుతో వేయాలి.

అయితే వెనక బరువు బిళ్ల లేని ప్రతి యంత్రాన్నీ తోసిపుచ్చాలా? అక్కర్లేదు. ఆడియో-టెక్నికా ఎల్‌పీ60ఎక్స్‌లో బరువు మార్చలేం, కానీ దాన్ని కంపెనీలోనే మూడు గ్రాముల దగ్గర బిగించి ఇస్తారు. ఆ గుండ్రటి ముల్లుకు అది తగిన బరువే, ముల్లు విడిగా దొరుకుతుంది కూడా. మీట నొక్కితే చేయి తనంతట తానే వెళ్లి వాలుతుంది, చేతులు వణికే పెద్దవాళ్లున్న ఇంట్లో అది అన్నిటికన్నా క్షేమం. డబ్బు తక్కువైనా సూట్‌కేసు పెట్టె వైపు వెళ్లక్కర్లేదని చెప్పడానికి ఇదొక్కటి చాలు. ఇంకాస్త పెట్టగలిగితే రెగా ప్లానార్ 1, లేదా 78 వేగం కూడా ఉన్న ఎల్‌పీ120ఎక్స్ తరహా యంత్రం చాలా ఏళ్లు మార్చనక్కర్లేకుండా నడుస్తుంది. పాతది కొంటే ముల్లు ఎంత అరిగిందో తెలియదు కాబట్టి కొత్త ముల్లు ధర కలుపుకునే బేరమాడాలి. మన వేసవి వేడికి బెల్టు రబ్బరు గట్టిపడి ఉంటుంది, దాని ధర కూడా కలపాలి. రికార్డులను నిలువుగా, ఎండ తగలని చోట పెట్టాలి. మూసిన కారులో వదిలేస్తే మధ్యాహ్నానికే వంగిపోతాయి.

వజ్రపు ముల్లు కూడా అరుగుతుంది. సాధారణంగా 500 నుంచి 1,000 గంటలు నమ్మవచ్చు. రోజుకు ఒక ఎల్పీ రెండు వైపులా వింటే ఏడాదికి దాదాపు 270 గంటలు, అంటే రెండు మూడేళ్లకోసారి మార్చాల్సిందే. డబ్బు చెల్లించే ముందే ఆ ముల్లు విడిగా ఎక్కడ దొరుకుతుందో, ఎంతవుతుందో అమ్మేవాళ్లను అడగండి. చెప్పలేకపోతే ఆ యంత్రం కొనకండి.